ఎక్కేవాడి లెక్క, నడిపేవాడి లెక్క

(మహాసభల ప్రవాస జీవన సదస్సులో చేసిన ప్రసంగపాఠం)



ప్రవాస జీవితం అనగానే మనం పిల్లల తెలుగు గురించి, పండుగల గురించి, తల్లిదండ్రుల వీసాల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. నేను మాత్రం బస్సుల గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు ఒక క్షణం ఆలోచించి, "సరే, ఇరవై నిమిషాలు" అన్నారు. బస్సులవాణ్ణి కనుక టైముకే దింపేస్తాను, భయపడకండి.

నేను కవిని కాను, పండితుణ్ణీ కాను. దుబాయిలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ రవాణా విభాగంలో పనిచేస్తున్నాను. పాతికేళ్లు దాటింది. తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాంపు గేటు దగ్గర ఎన్ని బస్సులు నిలబడాలి, ఏ బస్సు ఏ సైటుకు పోవాలి, డ్రైవరు లేవకపోతే ఎవరు వెళ్లి తలుపు కొట్టాలి, ఇదీ నా విద్య. ఇన్నేళ్లలో ఆ నగరపు రవాణా అంతా నా కళ్లముందే మారిపోయింది. ప్రపంచం మెచ్చుకునేలా మారింది. ఆ మార్పులో నేను చూసిందే మీకు చెబుతాను.

ముందుగా ఒక ప్రశ్న మీ ముందుంచుతాను. ప్రభుత్వం ఒక పాత రవాణా పద్ధతిని తీసేసి కొత్తది పెట్టినప్పుడు రెండు లెక్కలు రాయాలి. పాతబండి ఎక్కి తిరిగినవాడు ఇప్పుడెలా తిరుగుతున్నాడు? పాతబండి నడిపి బతికినవాడు ఇప్పుడెలా బతుకుతున్నాడు? మొదటి లెక్కను ప్రభుత్వాలు సగం రాస్తాయి. రెండోది చాలాచోట్ల రాయనే రాయవు.

ఇది మనకెందుకు అంటారా? అమెరికా నుంచి వచ్చినవారికి బస్సు అంటే పిల్లల పసుపుపచ్చ స్కూలుబస్సే గుర్తుకు రావచ్చు. ఎమిరేట్స్‌లో మన పరిస్థితి వేరు. అక్కడ ఇంజనీర్లం, డాక్టర్లం, దుకాణదారులం ఉన్నాం. అంతకు ఎన్నో రెట్లు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, కడప వైపు నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు, డ్రైవర్లు ఉన్నారు. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లున్నారు. వాళ్లకి కారు లేదు. సెలవురోజున వాళ్లు ఎక్కడికి పోగలరన్నది బస్సు ఎక్కడిదాకా వస్తుందన్నదానిమీదే ఆధారపడి ఉంటుంది.

1990ల్లో దేరాలో దిగినవాడికి రోడ్ల పేర్లు తెలిసేవి కావు, గుర్తులు తెలిసేవి. క్లాక్ టవర్, ఫిష్ రౌండెబౌట్, నాసర్ స్క్వేర్, సబ్కా, గోల్డ్ సూక్. క్రీక్ దాటితే గుబైబా. అక్షరం రానివాడు కూడా ఈ అరడజను మాటలతో ఊరంతా తిరిగేవాడు. మునిసిపాలిటీ బస్సులుండేవి, కాని వాటి దారులు తక్కువ. షార్జాకో అజ్మాన్‌కో పోవాలంటే షేర్ టాక్సీ, లేకపోతే పద్నాలుగు సీట్ల చిన్న బస్సు. టైము పట్టిక ఉండదు. నిండితే కదులుతుంది. "షార్జా, షార్జా, ఏక్ సీట్!" అని కేక వేసేవారు. ఆ ఒక్క సీటు మాత్రం ఎంతమంది ఎక్కినా మిగిలే ఉండేది.

నడిపేవాళ్లలో పెషావర్ వైపు పఠాన్లు చాలామంది. మన కరీంనగర్‌వాళ్ల ఉర్దూ, వాళ్ల పష్తో యాస ఉర్దూ ఎక్కడో మధ్యదారిలో కలుసుకునేవి. మొహం తెలిసినవాడైతే "జీతం వచ్చాక ఇద్దువులే" అనే డ్రైవర్లు కూడా ఉండేవారు. క్యాంపు గేటు ముందే దింపేవారు. రాత్రి పదకొండింటికైనా బండి దొరికేది.

అంతా బాగుండేదని చెప్పడానికి రాలేదు. సీటు బెల్టులుండేవి కావు. ఏసీ ఉందన్న పేరే గాని ఆగస్టులో గాలి వేడిగా కొట్టేది. మీటరు లేని టాక్సీలో ఎక్కేముందు బేరం, దిగేటప్పుడు మళ్లీ బేరం. గురువారం రాత్రి రేటు రెట్టింపు. కారు నంబరు ప్లేటు ఆ దేశపు పౌరుడి పేరుమీద ఉండేది. డ్రైవరు అతనికి నెలనెలా అద్దె కట్టాలి. అద్దె రావాలంటే పద్నాలుగు గంటలు, పదహారు గంటలు నడపాలి. నిద్ర చాలని మనిషి చేతిలో స్టీరింగు ఉన్నప్పుడు ఏమవుతుందో నా వృత్తిలో ఉన్నవాడికి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి మార్పు రావలసిందే. వచ్చింది కూడా.

మొదట టాక్సీలు మారాయి. 1990ల మధ్యలో దుబాయి ప్రభుత్వం సొంత టాక్సీ సంస్థను పెట్టి, మీటరు వేసి, డ్రైవరుకు యూనిఫారం తొడిగింది. తర్వాత కొన్ని ప్రైవేటు కంపెనీలకు ఫ్రాంచైజీలిచ్చింది. ఇసుకరంగు కారు, కంపెనీని బట్టి పైకప్పు రంగు. 2007లో ఆడవాళ్ల కోసం గులాబీరంగు కప్పున్న టాక్సీలొచ్చాయి, నడిపేదీ ఆడవాళ్లే. డ్రైవరుకూ ప్లేటు యజమానికీ మధ్య నోటిమాటగా నడిచిన వ్యాపారం 2023 డిసెంబరులో స్టాక్ మార్కెట్టు ఎక్కింది. దుబాయి టాక్సీ కంపెనీలో 24.99 శాతం వాటాను ప్రజలకు అమ్మారు. మీలో కొందరు కొని ఉండవచ్చు కూడా.

అసలు మలుపు 2005లో వచ్చింది. ఆ ఏడాది నవంబరు 1న రోడ్లు, రవాణా ప్రాధికార సంస్థ, అంటే ఆర్.టి.ఏ. ఏర్పడింది. మన ఊళ్లో ఆర్.టి.ఏ. అంటే లైసెన్సులిచ్చే ఆఫీసు. దుబాయి ఆర్.టి.ఏ. చేతిలో రోడ్లు, వంతెనలు, బస్సులు, టాక్సీలు, పడవలు, లైసెన్సులు అన్నీ ఉన్నాయి. ఇక్కడే కిటుకంతా ఉంది. మన నగరాల్లో రోడ్డు ఒక శాఖది, బస్సు ఇంకో సంస్థది, రైలు కేంద్రానిది, ఆటో పర్మిటు మరొకరిది. ఒకరు తవ్వింది ఇంకొకరికి తెలియదు. అక్కడ మెట్రో స్టేషను కట్టేవాడూ, దాని ముందు బస్సు ఆపేవాడూ ఒకే గొడుగు కింద పనిచేస్తారు.

2007 జూలై 1న సాలిక్ అనే రోడ్డు సుంకం వచ్చింది. గర్హూద్ వంతెన మీద, బర్షా దగ్గర గేటు దాటితే 4 దిర్హాములు. కార్లవాళ్లం అందరం గొణుక్కున్నాం. 2009 సెప్టెంబరు 9న మెట్రో రెడ్ లైను తెరిచారు. తొలిరోజున 29 స్టేషన్లలో 10 మాత్రమే సిద్ధమయ్యాయి. డ్రైవరు లేని రైలు. మా క్యాంపు కుర్రాళ్లు మొదటి పెట్టెలో ముందు అద్దం దగ్గర నిలబడటానికి పోటీపడేవారు. 2011 సెప్టెంబరు 9న గ్రీన్ లైను వచ్చింది. నోల్ అనే ఒకే కార్డుతో బస్సు, మెట్రో రెండూ ఎక్కవచ్చు. స్టేషను నుంచి లోపలి వాడలకు ఎఫ్ అక్షరంతో మొదలయ్యే ఫీడరు బస్సులు పెట్టారు. బస్సు దిగి అరగంటలోపు మెట్రో ఎక్కితే అదంతా ఒకే ప్రయాణం కింద లెక్క, మళ్లీ మొదటినుంచి చార్జీ పడదు. బీదవాడికి ఎంతో మేలు చేసిన చిన్న నిబంధన ఇది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2006లో దుబాయి జనం తిరుగుళ్లలో ప్రజారవాణా వాటా 6 శాతం. 2024కి అది 21.6 శాతం అయిందని ఆర్.టి.ఏ. లెక్క. 2024లో మెట్రో, బస్సులు, ట్రాము, పడవలు, టాక్సీలు అన్నీ కలిపి 74.7 కోట్లమంది ఎక్కారు. అందులో మెట్రో వాటా 27.5 కోట్లు. ఎడారి ఎండలో, పెట్రోలు చవకగా ఉన్న ఊళ్లో, కారే హోదా అనుకునే జనం మధ్య ఇది సాధించారంటే చేతులెత్తి దండం పెట్టవలసిందే.

అబూధాబీ కూడా ఇదే దారి పట్టింది. అక్కడ పాత టాక్సీలు తెలుపూ బంగారురంగూ కలిసి ఉండేవి. 2006లో టాక్సీల నియంత్రణకు ఒక సంస్థను పెట్టి, ఏడు కంపెనీలకు ఫ్రాంచైజీలిచ్చి, వెండిరంగు కార్లు దించారు. కొన్నేళ్లలో పాతవి కనుమరుగయ్యాయి. 2008లో నగర బస్సులు మొదలుపెట్టినప్పుడు తొలినెలల్లో టికెట్టే లేదు. అలవాటు కావాలి కదా! ఎక్కడం నేర్పి, తర్వాత దిర్హాము అడిగారు. తెలివైన పని.

ఇక రెండో లెక్కకు వస్తాను.

అబూధాబీలో పాత టాక్సీలు తీసేసినప్పుడు నంబరు ప్లేటు ఉన్న పౌరులకు పరిహారం ముట్టింది. అది న్యాయమే, ఎన్నో కుటుంబాలకు ఆ అద్దే ఆధారం. మరి ఇరవై ఏళ్లు ఆ కారు నడిపిన పఠాను? అతనికి ప్లేటు లేదు కనుక పరిహారం ప్రశ్నే రాలేదు. వయసు, పరీక్ష సరిపోయినవాళ్లు కొత్త కంపెనీల్లో చేరారు. తక్కినవాళ్లు పెట్టె సర్దుకున్నారు. చేరినవాళ్ల జీతం కూడా చాలావరకు కమిషను మీదే నడుస్తుంది. పగటికి ఇంత తేవాలి, తెస్తే ఇంత శాతం. అద్దె పేరు పోయి టార్గెటు పేరు వచ్చింది. స్టీరింగు వెనక గంటలు ఎంత తగ్గాయో డ్రైవర్లనే అడగండి. ఈమధ్య ఆ సీట్లలో మన తెలుగువాళ్లూ కూర్చుంటున్నారు. ఊళ్లో వ్యవసాయం మీద చేసిన అప్పు, ఏజెంటుకు కట్టిన అప్పు రెండూ కలిసి వాళ్ల పక్కసీట్లో కూర్చుంటాయి.

ఎక్కేవాడి లెక్కలో మిగిలిన సగం కూడా చూద్దాం. మెట్రో షేక్ జాయెద్ రోడ్డు వెంట పోతుంది. లేబరు క్యాంపులు ఆ రోడ్డు వెంట ఉండవు. సోనాపూర్, అల్ ఖూజ్ లోపలి వీధులు, జెబెల్ అలీ వెనకభాగం, షార్జాలో సజ్జా, అబూధాబీలో ముసఫ్ఫా, వీటన్నిటికీ పగటిపూట కంపెనీ బస్సు ఉంది, అది సైటుకే పోతుంది. నాలుగున్నరకు ఎక్కిస్తాం, సాయంత్రం దింపుతాం. ఒకప్పుడు లారీల వెనక ఎక్కించి తీసుకుపోయేవారు, అది నిషేధించాక బస్సులొచ్చాయి, ఆ సంస్కరణకు నేను ఎప్పుడూ జేజేలే కొడతాను. కాని సెలవురోజున కంపెనీ బస్సు కదలదు. సిటీ బస్సు కొన్ని క్యాంపులకు దగ్గరలో ఆగుతుంది, కొన్నిటికి ఆగదు. ఆగినా, చివరి బస్సు తప్పిందా, నడకే.

ధర్మపురి వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ, నాకంటే చిన్నవాడే, ఒకసారి అన్నమాట చెబుతాను. "సారూ, మెట్రో మస్తుగున్నది. గని మనం ఉన్న కాడికి అది రాదు, అది ఉన్న కాడికి మనం పోవాల్నాయె." నేను రవాణా మీద చదివిన రిపోర్టులన్నీ ఒకవైపు, ఈ రెండు వాక్యాలు ఒకవైపు.

ఈ ఖాళీలోనే 'కార్ లిఫ్ట్' పుట్టింది. ఎవరికో ఒక పాత కారుంటుంది. నలుగురు ఎక్కుతారు, పెట్రోలుకని తలా కొంత ఇస్తారు. రేషను కొనుక్కోవడానికి, ఊరివాడు చనిపోతే పరామర్శకు, గుడికో చర్చికో మసీదుకో అన్నిటికీ అదే. చట్టం దీన్ని పర్మిటు లేని టాక్సీ అంటుంది. 2017లో మార్చిన ట్రాఫిక్ నిబంధనల్లో దీనికి 3,000 దిర్హాముల జరిమానా, 24 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి జప్తు అని రాశారు. 24 పాయింట్లంటే లైసెన్సు పోయినట్టే. నాకు తెలిసిన ఒక కడప అబ్బాయి సేల్స్ వ్యాను నడిపేవాడు. సెలవురోజుల్లో సొంత కార్లో క్యాంపువాళ్లను తిప్పేవాడు. పట్టుబడ్డాడు. లైసెన్సుతో పాటు వ్యాను ఉద్యోగమూ పోయింది. తప్పు తప్పే. ప్రమాదం జరిగితే ఆ నలుగురికీ బీమా వర్తించదు కనుక ఆ చట్టం అవసరం ఏమిటో నాకు బాగా తెలుసు. ఒక్క మాట మాత్రం అంటాను. పాత షేర్ టాక్సీ పోయింది గాని, అది చేసిన పని పోలేదు. ఆ పని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ప్రభుత్వం చేయకపోతే దొంగచాటుగా జరుగుతుంది.

సంస్కరణ ఇలాగే ఉంటుందా, మరోలా ఉండదా అంటే, ఉంటుంది. ఉదాహరణ కూడా దుబాయిలోనే ఉంది. క్రీక్ మీద దేరా నుంచి బర్‌దుబాయికి దాటించే అబ్రా అనే చెక్కపడవ మీలో చాలామంది ఎక్కే ఉంటారు. ఫోటో దిగే ఉంటారు! ఆ పడవలు కూడా ఆర్.టి.ఏ. కిందికే వచ్చాయి. లైసెన్సు పెట్టారు, రేవులు బాగుచేశారు, ప్రాణరక్షణ సరంజామా పెట్టించారు. కాని పడవను తీసేయలేదు. నడిపేవాణ్ణి తీసేయలేదు. ఒక్క దిర్హాము చార్జీ ఏళ్ల తరబడి అలాగే ఉంది. పక్కన ఏసీ పడవలు, ఖరీదైన ఫెర్రీలు వచ్చాయి. అబ్రా మాత్రం తన పని తాను చేసుకుంటూ పోతోంది. పాతదానిలో చెడ్డ భాగాన్ని తీసి, మంచి భాగాన్ని ఉంచడం చేతకాని పని కాదని ఆ చెక్కపడవే సాక్ష్యం.

ఇంకొంచెం దూరం పోదాం. దక్షిణాఫ్రికాలో ప్రజారవాణాలో ఎక్కువ భాగం మినీబస్ టాక్సీలదే. వర్ణవివక్ష కాలంలో నల్లవాళ్లను ఊరికి దూరంగా విసిరేశారు, సరిపడా బస్సు వేయలేదు. జనమే చిన్న బస్సులు కొనుక్కుని నడుపుకున్నారు. అలా పుట్టిన వ్యాపారం అది. 2006 నుంచి ప్రభుత్వం పాత బండిని తుక్కుకిస్తే 50,000 రాండ్లు ఇస్తామంది. 2009 ఆగస్టులో జొహానెస్‌బర్గ్‌లో రేయా వాయా అనే ప్రత్యేక దారి బస్సులు సొవెటో నుంచి మొదలయ్యాయి. టాక్సీవాళ్లు మండిపడ్డారు, సమ్మెలు చేశారు, గొడవలయ్యాయి. కాని అక్కడ ఒక పని చేశారు. బస్సులు నడిపే కంపెనీలో ఆ దారిలో తిరిగిన టాక్సీ యజమానులకే వాటాలిచ్చారు. పాత బండి అప్పజెప్పినవాడు కొత్త బస్సుకు భాగస్తుడయ్యాడు. అన్నీ సాఫీగా సాగలేదు, ఇప్పటికీ సాగడం లేదు. అయినా రెండో లెక్క అక్కడ కాగితం మీదికి ఎక్కింది. దుబాయి మెట్రో తెరిచింది అదే నెల తిరిగేసరికి. అక్కడ ఆజ్ఞతో అయిన పనికి ఇక్కడ ఏళ్ల తరబడి బేరాలు కావలసివచ్చాయి. ఆజ్ఞకు వేగం ఉంది. బేరానికి జ్ఞాపకం ఉంది, ఎవరికేం పోయిందో అది మర్చిపోనివ్వదు.

మన ఇంటి సంగతి కూడా చెప్పకపోతే బాగుండదు. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో మొదలైన సర్కారు బస్సు, 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీ, వీటి గురించి మీకు నేను చెప్పేదేముంది. ఆంధ్ర జిల్లాల్లో ప్రైవేటు బస్సుల రూట్లను దఫదఫాలుగా సంస్థకు అప్పగించిన రోజులు ఈ సభలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆర్టీసీ ఎర్రబస్సు లేకపోతే మనలో సగంమంది కాలేజీ గుమ్మం చూసేవాళ్లమే కాదు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అదే వచ్చింది. ఎక్కేవాళ్ల లెక్కలో ఇంతకంటే పెద్ద మేలు ఈమధ్య జరగలేదు. కూలికి పోయే అమ్మ, కాలేజీకి పోయే అమ్మాయి చార్జీ లెక్కపెట్టుకోకుండా గడప దాటారు. కాని అదే వారంలో ఆటోలవాళ్లు రోడ్డెక్కారు. వాళ్ల బేరాల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లే మరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. చాలుతుందా చాలదా అన్నది వేరే చర్చ. బస్సు మంచిపని కనుక ఆటోవాడి కష్టం అబద్ధమనీ, ఆటోవాడి కష్టం నిజం కనుక బస్సు చెడ్డపనీ అని వాదించుకోవడం మన అలవాటు. రెండూ నిజమే. రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో రాయాలి, అంతే.

మళ్లీ దుబాయికి వస్తాను. ఈ కథలో నాకు అన్నిటికంటే ముచ్చటేసే భాగం ఇదే. 2020లో ఆర్.టి.ఏ. ఫోనులో పిలిస్తే వచ్చే చిన్న బస్సులు పెట్టింది. 2024 నవంబరులో దుబాయి నుంచి అబూధాబీకి షేర్ టాక్సీ ప్రయోగం మొదలుపెట్టింది. నలుగురు పంచుకుంటే తలకు 66 దిర్హాములు. ఆ ఏడాది చివర్లోనే, యాప్‌లో సీటు బుక్ చేసుకునే మినీబస్సులకు కొన్ని కంపెనీలకు అనుమతినిచ్చింది. అంటే ఏమయింది? "ఏక్ సీట్!" అన్న కేక మళ్లీ వినపడింది. కాకపోతే ఈసారి ఫోనులోంచి.

నేను ఎగతాళి చేయడం లేదు. మంచి అధికారి లక్షణం అదే, ఖాళీ కనబడితే పూడ్చడానికి చూస్తాడు. ఆ పాత చిన్నబస్సులో పనికొచ్చే గుణం ఉందని ఒప్పుకోవడమే ఇది. నా విన్నపం ఒక్కటే. ఆ కొత్త చిన్నబస్సులు మొదట తిరిగినవి వ్యాపారకేంద్రాల మధ్య, మాల్స్ దగ్గర. అవి క్యాంపు గేటు దగ్గరికి కూడా రావాలి. ఫోను ఇవాళ ప్రతి కూలీ చేతిలోనూ ఉంది. యాప్ నొక్కడం వాళ్లకు రాదనుకోకండి, ఊళ్లో మనవడితో వీడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. చార్జీయే అడ్డం. వెయ్యి, పన్నెండువందల దిర్హాముల జీతగాడికి 66 దిర్హాములు అబూధాబీలోని తమ్ముణ్ణి చూసిరావడానికి పెట్టేది కాదు. అతనికి ఇప్పటికీ గుబైబా నుంచి పోయే ఇ100 పెద్దబస్సే దిక్కు. కొత్తగా కడుతున్న మెట్రో బ్లూ లైను 30 కిలోమీటర్లు, 14 స్టేషన్లు, 2029 సెప్టెంబరు 9న తెరవాలని సంకల్పం. అది ఇంటర్నేషనల్ సిటీ మీదుగా పోతుంది. అక్కడ మన చిన్న ఉద్యోగుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాళ్లకు పండుగే. సోనాపూర్‌వాడు మాత్రం అప్పటికీ బస్సు కోసమే చూస్తుంటాడు.

ఇదంతా చెప్పి ఊరుకుంటే ప్రభుత్వాలకు ఉపన్యాసం ఇచ్చినట్టవుతుంది. మనం చేయగలిగినవి చెప్పి ముగిస్తాను.

మొదటిది, మన సంఘాల సభలు. ఉగాది సంబరాలు ఎక్కడ పెడతాం? మంచి హాలు, మంచి పార్కింగు ఉన్నచోట. ఎప్పుడు ముగుస్తాయి? ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తాడు కనుక అర్ధరాత్రి. ఆ వేళకు చివరి బస్సు, చివరి మెట్రో రెండూ పోతాయి. "క్యాంపులవాళ్లు మన కార్యక్రమాలకు రారండీ, ఆసక్తి లేదు" అని మనమే అనుకుంటాం. ఆసక్తి లేక కాదు, తిరిగి పోయే దారి లేక. లైసెన్సున్న కంపెనీ దగ్గర సంఘం పేరుమీద రెండు బస్సులు అద్దెకు తీసుకోవడం ఒక సినీ గాయకుడి విమానం టికెట్టుకంటే ఎక్కువ కాదు. ప్రతి సభకూ ఖర్చుల పట్టీలో ఆ రెండు బస్సులు మొదటి వరసలో రాయమని మనవి.

రెండోది, మనలో కంపెనీలు నడిపేవారు, నాలాగా కంపెనీల్లో రవాణా చూసేవారు చాలామంది ఉన్నారు. సైటుకు పోయే బస్సే సెలవురోజున క్యాంపు నుంచి దగ్గరి మెట్రో స్టేషనుకు ఉదయం రెండు ట్రిప్పులు, రాత్రి రెండు ట్రిప్పులు వేయగలదు. డీజిలు, ఒక డ్రైవరుకు అదనపు వేతనం, అంతే ఖర్చు. 2022 జనవరి నుంచి వారాంతం మారాక చాలా కంపెనీలకు సెలవు ఆదివారం అయింది. ఆదివారం మెట్రో ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. ఆ టైముకు బస్సు స్టేషను దగ్గరుంటే చాలు. మా క్యాంపులో ఇది నడుస్తోంది. ఆ బస్సు మొదలయ్యాక సోమవారం ఉదయం హాజరుపట్టీలో ఖాళీలు పెరగలేదు, తగ్గాయి.

మూడోది, ఊళ్లో ఉండగానే చేయాల్సిన పని. గల్ఫుకు బయలుదేరేవాడు జీతం ఎంత అని అడుగుతాడు, తిండి, గది సంగతి అడుగుతాడు. సెలవురోజున క్యాంపు నుంచి బయటికి ఎలా పోతావని ఎవరూ అడగరు. డ్రైవరుగా వచ్చేవాడు జీతమా, కమిషనా, టార్గెటు ఎంత, జరిమానా పడితే ఎవరు కట్టాలి, ఇవన్నీ సంతకానికి ముందే కాగితం మీద చూసుకోవాలి. ఈ ప్రశ్నలన్నిటినీ ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేసి జగిత్యాల బస్టాండులో, కడప బస్టాండులో పంచితే, మన మహాసభలకు ప్రతిసారీ అచ్చువేసే రంగురంగుల ఆహ్వానపత్రికల ఖర్చులో పదోవంతు కూడా కాదు.

మిత్రులారా, రోడ్డు, రైలు, వంతెన ఇవన్నీ డబ్బుంటే కట్టవచ్చు. దుబాయి కట్టి చూపించింది. రేపు మన అమరావతి, హైదరాబాదు కూడా కట్టుకుంటాయి, కట్టుకోవాలి. కట్టేటప్పుడు ఆ పాత బండిని ఎవరు ఎక్కేవారో, ఎవరు నడిపేవారో ముందుగా పేరుపేరునా రాసిపెట్టుకోమని అడగడానికి మనకు హక్కుంది. ఎందుకంటే ఆ రెండు జాబితాల్లోనూ మనవాళ్ల పేర్లున్నాయి.

ఇరవై నిమిషాలన్నారు, ఇరవై రెండయింది. ట్రాఫిక్ అనుకోండి.